నారింజ తోటల కందిరీగలు: వాని పెంపకము



నేటి ప్రసంగమునకు విషయము కందిరీగల పెంపకము. పేరు వినగానే కొందఱు నవ్వవచ్చును. కోళ్లను పెంచువారు కలరు, పట్టుపురుగులను పెంచువారు కలరు, తేనెటీగలను పెంచువారును కలరు. కుట్టి బాధించు కందిరీగను మేపి పోషించు వెఱ్ఱివా డెవ్వడని అడుగవచ్చును. నేను చెప్పబోవు కందిరీగ మనుష్యుని కుట్టదు. దాని శరీరము నువ్వుగింజలో మూడవవంతు కన్న మిగులదు. పసుపువన్నెది. మీ తోటలో నున్నను మీ కంట బడి యుండదు. అట్టి యల్పప్రాణిని గదులలో లక్షలకొలది పెంచి, నారింజతోటలలో నిమ్మతోటలలో విడిచి, చెట్టును పీల్చు పురుగు నణచుట అమెరికాలోని కాలిఫోర్నియా రైతులకు నూఱేండ్లకు దగ్గఱగా వచ్చిన వాడుక. వారు పెంచిన జాతులలో మిక్కిలి యక్కఱకు వచ్చినది మన దిక్కునుండి పోయినదే యని ముందే చెప్పి యుంచెదను.

భ్రమరకీటకన్యాయము మీ రెఱిగినదే. కందిరీగ యొక పురుగును తెచ్చి తన మట్టిగూటిలో బంధించుననియు, ఆ పురుగు భయముచేత కందిరీగనే ధ్యానించి ధ్యానించి తుదకు తానును కందిరీగ యగుననియు దృష్టాంతముగ చెప్పుదురు. వేదాంతమునకు ఆ దృష్టాంతము చక్కగ నొప్పును. దానిని నేను కాదనను. తోటపని చేయువానికి మాత్రము గూటిలోపల జరుగున దేమో తెలియవలెను. తల్లి కందిరీగ పురుగును కుట్టి, కదలకుండ చేసి, గూటిలో నుంచి, గ్రుడ్డు పెట్టి, గూటినోరు మూయును. గ్రుడ్డునుండి వచ్చిన పిల్ల ఆ పురుగును తిని పెరిగి, ఱెక్కలు వచ్చిన పిమ్మట మట్టిని తొలుచుకొని బయటికి వచ్చును. లోపలికి పోయినది పురుగు, వెలికి వచ్చినది కందిరీగ; నడుమ జరిగినది భోజనము. నారింజతోటలోని చిన్న కందిరీగ పనియు నిట్టిదే. అది గూడు కట్టదు, పురుగును మోసికొని పోదు. పురుగు కూర్చున్న చోటనే దానిమీద గ్రుడ్డు పెట్టి తన దారిని తాను పోవును.

ఇక శత్రువును గుఱించి. నారింజ, బత్తాయి, నిమ్మ చెట్ల ఆకులమీదను, లేతకొమ్మలమీదను, కాయలమీదను ఆవగింజంత గుండ్రని ఎఱ్ఱచుక్కలు అంటుకొని యుండుట కొందఱు చూచియే యుందురు. గోటితో గీచినచో పొలుసువలె లేచి వచ్చును. దానినే ఎఱ్ఱపొలుసు పురుగందురు. పుట్టినప్పుడు దానికి కాళ్లుండును. ఒకటి రెండు దినములు ప్రాకి, నచ్చిన తావున ముక్కు దిగగ్రుచ్చి కూర్చుండును. ఆడుపురుగు అటుపిమ్మట కదలదు, కాళ్లును పోవును. తన మైనముతోను, తాను విడిచిన తోలుతోను మీద నొక మూత కట్టుకొని, దాని క్రింద రసము పీల్చుచు పిల్లలను కనుచుండును. మనము కొట్టు మందునకు ఆ మూత కవచము. కాయమీద పొలుసు నిండినచో బజారులో వెల పడిపోవును. కొమ్మమీద నిండినచో కొమ్మయే యెండును.

ఈ పురుగు పందొమ్మిదవ శతాబ్దపు రెండవ భాగమున మొక్కల వెంట కాలిఫోర్నియా చేరినది. అచ్చటి తోటలవారు ఒక్కొక్క చెట్టును గుడారముతో కప్పి, రాత్రివేళ విషవాయువు పట్టించుచుండిరి. మొదట పురుగు చచ్చెను. 1910 దాటిన కొంతకాలమునకు, పూర్వము చచ్చిన మోతాదునకు కొన్ని తోటలలో పురుగు చావకుండెను. మోతాదు పెంచినచో చెట్టునకే చేటు. మందునకు పురుగు అలవాటుపడుట నేటి వింత యని మనవారు తలంతురు; అది నూఱేండ్లు దాటిన మాట.

1922లో వెంచురా జిల్లాలోని ఫిల్‌మోరు ప్రాంతపు రైతులు సంఘముగ నేర్పడి, తమ లోయలో ఎఱ్ఱపొలుసు పురుగును సమూలముగ తీసివేయుదుమని పూనిరి. ఎక్కడ కనబడిన నక్కడ మందు వేసిరి. పురుగు తగ్గినదే గాని పోలేదు. తరువాత ఆ సంఘమే మార్గము మార్చుకొని, పురుగులను తిను పురుగులను పెంచు శాల నొకటి పెట్టినది. దాని పొరుగుననున్న సాంతా పౌలాలో 1928లో రైతులే మఱియొక శాలను స్థాపించుకొనిరి. ఇవి దొరతనమువారు కట్టించి యిచ్చినవి కావు. తోటలవారు తమ సొమ్ము వేసికొని, పనివారికి జీతము లిచ్చి, తామే నడపుకొన్నవి. ఫిల్‌మోరు సంఘము ఎనుబది యేండ్లు నడచి, ఈ శతాబ్దపు తొలి దశకమున ముగిసినది. నేడు అట్టి శాలలను వర్తకముగ నడపువారు పెక్కురు.

శాల కట్టుట సులభము. అందు పెంచదగిన పురుగు దొరకుట కష్టము. ఎఱ్ఱపొలుసును తిను కందిరీగ యొకటి 1900 ప్రాంతమున దానంతట నదియే కాలిఫోర్నియా చేరియుండెను. అది బలహీనము. 1947-48లో దక్షిణ చైనానుండి రెండవదానిని తెచ్చిరి. అది మొదటిదానిని చాల చోట్ల త్రోసివేసి నిలిచినది గాని, సముద్రమునకు దూరముగ నెండ మెండుగ నుండు తావులలో చాలకపోయెను. అప్పుడు విశ్వవిద్యాలయమున కీటకశాస్త్రజ్ఞుడు పాల్ డీబాక్ 1956-57లో భారత, పాకిస్తాను దేశములనుండి మూడవ జాతిని కొనిపోయెను. దాని శాస్త్రనామము యాఫైటిస్ మెలినస్. ఎఱ్ఱపొలుసు మన దేశమునను కలదు. అయినను గత్తఱపెట్టు రీతిగా సాధారణముగ పెచ్చుపెరుగదు. పురుగు ఉండియు పెరుగని చోట దానిని తిను ప్రాణి యుండవలెను గదా యన్నది ఈ శాస్త్రమునకు మూలమైన తర్కము. ఆ తర్కము ఫలించినది. కొలది యేండ్లలోనే ఎండప్రాంతపు తోటలన్నిట మన దిక్కు కందిరీగ చైనా కందిరీగను వెడలగొట్టెను.

ఎట్లు వెడలగొట్టె నన్నది చాలకాలము తెలియలేదు. రెండును పోట్లాడుకొనవు. తరువాత పరిశోధకులు చెప్పిన కారణము వినదగినది. కందిరీగలలో ఫలదీకరణము కాని గ్రుడ్డు మగది యగును, ఫలదీకరణమైన గ్రుడ్డు ఆడుది యగును. ఏది పెట్టవలెనో తల్లియే నిర్ణయించును. పెద్ద పొలుసుమీద ఆడుపిల్లను, చిన్న పొలుసుమీద మగపిల్లను పెట్టుట వాని యాచారము, ఏలన ఆడుపిల్లకు ఆహార మెక్కువ కావలెను. చైనా కందిరీగ చిన్నదిగ నెంచి మగగ్రుడ్డు పెట్టు పొలుసుమీదనే మన కందిరీగ ఆడుగ్రుడ్డు పెట్టగలదు. పొలుసు పూర్తిగ ఎదుగకమునుపే మనది దానిని వాడుకొనగా, రెండవదానికి మిగిలినది చిన్న పొలుసులు, మగసంతానము. ఆడుపిల్లలు పుట్టని యింట వంశ మెట్లు నిలుచును? 1985లో ఈ సంగతి వెల్లడియైనది.

పెంపకము సంగతికి వత్తము. కందిరీగను పెంచవలె నన్న దాని యాహారమైన పొలుసు పురుగును ముందు పెంచవలెను. పొలుసు పురుగును పెంచవలె నన్న దాని కొక మొక్కయో కాయయో కావలెను. కావున కందిరీగల శాలలో పని ముప్పాతిక పాలు పురుగును మేపుటయే. ఎఱ్ఱపొలుసునే పెంచినచో పొరపాటున తోటలోనికి పోవు భయము కలదు. అందుచే వారు గన్నేరుచెట్టు నాశ్రయించు వేఱొక పొలుసు పురుగును ఎన్నుకొనిరి. అది నారింజచెట్టునకు పెద్ద శత్రువు కాదు. పైగా అందులో ఒక తెగకు మగపురుగు లేకయే సంతానము కలుగును. దానిని పెంచుటకు నారింజకాయలు అక్కఱలేదు. గుమ్మడికాయ చాలును! తొక్క గట్టిగ నుండు పొడవైన యొక గుమ్మడిజాతి నెలల తరబడి చెడదు గనుక దానిని వాడుదురు.

కాయలను శుభ్రము చేసి బల్లలమీద వరుసగ నుంతురు. ముదిరిన పొలుసులున్న పాతకాయలనుండి వచ్చు పిల్లపురుగులను కొత్తకాయలమీదికి ఎక్కింతురు. వెచ్చగ, మార్పు లేకుండ నుండు గదిలో ఏబది అఱువది దినములకు ఆ కాయ పొలుసులతో నిండును. అప్పుడు దానిని వేఱొక గదికి చేర్చి, ఒక దినమో అంతకు కొంచె మెక్కువయో కందిరీగల నడుమ నుంతురు. కందిరీగ పొలుసు నెక్కి మీసములతో తట్టి చూచి, చుట్టు తిరిగి, వెనుకకు మళ్లి, మూతలో సన్నని సూది దింపి, మూతకు పురుగునకు నడుమ గ్రుడ్డు పెట్టును. కొన్ని పొలుసులను గ్రుడ్డు పెట్టకయే పొడిచి రసము త్రాగును. ఆ పురుగును చచ్చును. రెండు వారములు గడవగా కొత్త కందిరీగలు మూతకు గుండ్రని రంధ్రము చేసికొని వెలువడి, వెలుతురున్న కిటికీవైపు చేరును. వాని నక్కడ పట్టి, వాయువుతో క్షణకాలము మైమఱపించి, ఒక్కొక్కటిగ లెక్కింపక గింజలు కొలిచినట్లు కొలిచి గొట్టములలో పోయుదురు. మూతక్రింద తేనెచుక్క యుంచుట మఱవరాదు. తేనె దొరకిన కందిరీగ వారములు బ్రతుకును. దొరకనిది రెండు మూడు దినములకే రాలిపోవును.

కాలిఫోర్నియాలో వసంతకాలమునుండి హేమంతము వచ్చువఱకు, పదునైదు దినముల కొకమాఱు ఎకరమునకు 5,000 నుండి 10,000 కందిరీగలను విడుచుట వాడుక. ఏటికి లక్షవఱకు పోవును. లక్ష యన్న మాటకు బెదరవలదు. ఒక్క గిన్నెలో పదివేలు పట్టును.

మందు కొట్టుట మాని కందిరీగను నమ్ముటకు రైతునకు ధైర్య మెట్లు వచ్చును? ఈ ప్రశ్నకు సమాధానముగ డీబాక్ చేసిన పరీక్ష నాకు మిక్కిలి నచ్చినది. ఆయన మందు కొట్టని తోటలో కొన్ని చెట్లను మాత్రము ఏర్పఱచి, వానికి కొలదిగ డి.డి.టి. చల్లించెను. ఆ మందు పొలుసు పురుగు నంతగా చంపదు, కందిరీగను చంపును. పొరుగుచెట్లు పచ్చగ నుండగా, మందు పడిన చెట్లమీద పొలుసులు అనేక రెట్లు పెరిగి కొమ్మలు ఎండసాగెను. అంతవఱకు ఆ తోటవానికి తన చెట్లను కాపాడువా రొకరు కలరని తెలియనే తెలియదు. కాలిఫోర్నియాలో 1946-47 ప్రాంతమున పెద్దయెత్తున డి.డి.టి. వాడినప్పుడు ఇట్టిదే జరిగెను. 1888-89లో ఆస్ట్రేలియానుండి తెచ్చిన ఒక యక్షింతపురుగు ఏబది యేండ్లుగ అణచియుంచిన దూదిపొలుసు పురుగు, ఆ అక్షింతపురుగు చావగా తిరిగి విజృంభించెను. డి.డి.టి.ని మన దేశమున వ్యవసాయమునకు 1989లో నిషేధించిరి. కాని దాని స్థానమున వచ్చిన పెక్కు మందులు కందిరీగ యెడ దానికన్న దయగలవి కావు.

ఇవి పరదేశపు మాటలు, మన కేమి యందురేమో. బెంగుళూరు చేరువ హెసరఘట్టలోని ఉద్యానపరిశోధనసంస్థవారు 1983లో ట్రినిడాడు ద్వీపమునుండి లెప్టోమాస్టిక్స్ అను కందిరీగను తెప్పించిరి. అది నారింజ నిమ్మలను పట్టు పిండినల్లికి శత్రువు. పిండినల్లిని మీ రందఱు నెఱుగుదురు. తెల్లని పిండి చల్లినట్లు గుత్తులు గుత్తులుగ కాయ తొడిమకడ చేరును, జిగురు కార్చును, ఆ జిగురుమీద నల్లబూజు పట్టును. ఈ కందిరీగ దాని శరీరములోపలనే గ్రుడ్డు పెట్టును. పిల్ల లోపల తిని పెరుగగా పిండినల్లి ఉబ్బి, గోధుమవన్నెకు తిరిగి, గట్టి పీపావలె నగును. కర్ణాటకపు తోటలలో విడిచిన కొలది మాసములకే పిండినల్లి తగ్గెను, కందిరీగయు అచ్చట స్థిరపడెను. ఆ పిండినల్లిని పెంచుటకు మన దేశపు శాలలు వాడునదియు పండిన గుమ్మడికాయయే. పట్టి యెత్తుటకు తొడిమ గలదియు, పురుగు చేరుటకు గాడులు గలదియు నైన కాయను ఏఱి, గాయములున్నచో మైనముతో పూడ్చి, పంజరములలో నుంతురు. సంక్రాంతికి వాకిట నుంచు కాయ యిట్టి పనికి వచ్చునని మన పూర్వు లనుకొని యుండరు.

పెరటి కరివేపచెట్టును గుఱించియు నొకమాట. చిగురాకులమీద తల వంచి వెనుకభాగ మెత్తి కూర్చుండు సిల్లా యను చిన్నపురుగు కలదు. అది నారింజజాతి చెట్లకు గ్రీనింగ్ అను తెగులు నంటించును. ఆ తెగులు పట్టిన చెట్టు కాయ సరిగ పండదు, చెట్టు క్రమముగ క్షీణించును. ఈ సిల్లాకు కరివేప మిక్కిలి ప్రియము. దానిని తిను టమారిక్సియా యను కందిరీగను శాస్త్రజ్ఞులు 1922లో పంజాబులోని లాయల్‌పూరునుండి వచ్చిన నమూనాలవలన మొదట వర్ణించిరి; 2011లో పాకిస్తాను పంజాబునుండి దానిని కాలిఫోర్నియాకు కొనిపోయి విడిచిరి. అచ్చట దీనిని పెంచుటకు కరివేపమొక్కలను వాడిరి. ఇక్కడ కందిరీగకు గల శక్తిని అధికముగ చెప్పరాదు. పిండినల్లి పదింట తొమ్మిది చచ్చిన రైతునకు చాలును; తెగులు మోయు పురుగు పదింట నొకటి మిగిలినను తెగులు మోయును. కావున ఆ తెగులునకు తెగులులేని అంట్లు నాటుటయే మొదటి రక్ష, కందిరీగ తోడు మాత్రమే.

అనంతపురము, కడప, నల్లగొండ ప్రాంతముల చీని బత్తాయి తోటలవారును, నెల్లూరు సీమ నిమ్మతోటలవారును చేయదగినది శాల కట్టుటకంటె ముందు మఱియొకటి కలదు. ఉన్నదానిని చంపకుండుట. పిచికారి భుజాన వేసికొనుటకు ముందు నాలుగైదు చెట్లనుండి పురుగుపట్టిన ఆకులను కోసి, భూతద్దముతో చూడుడు. పొలుసుమూతమీద గుండుసూది కొనంత గుండ్రని రంధ్రమున్నచో అందుండి కందిరీగ వెలువడినదని యెఱుగుడు. పిండినల్లులలో గోధుమవన్నె పీపాలున్న వెట్టివో లెక్కింపుడు. అట్టివి విరివిగ నున్నచోట మందు ఆపి పదునైదు దినముల తరువాత మఱల చూడుడు. తప్పనిసరియైనచో తోట నంతటిని తడుపక, పురుగు దట్టమైన చెట్లకు మాత్రము, ఆకుమీద చిరకాలము నిలువని నూనెల వంటివి వాడుడు.

రెండవది చీమ. పిండినల్లి కార్చు జిగురును చీమ త్రాగును. ఆ తీపికొఱకు పశువును కాచినట్లు దానిని కాచి, దగ్గఱకు వచ్చిన కందిరీగను తఱుమును. ఎఱ్ఱపొలుసు జిగురు కార్చదు గాని, చెట్టుమీద చీమల రాకపోక లధికమైనచో అచ్చటను కందిరీగ పని సాగదు. నేల నంటు కొమ్మలను కత్తిరించి, మొదలున జిగురుపట్టీ కట్టుట చాలమేలు. పట్టీ క్రింద గుడ్డయో కాగితమో చుట్టినగాని జిగురు బెరడునకు తగులరాదు. బాటప్రక్క చెట్లమీద దుమ్ము పేరుకొనినను కందిరీగ మనజాలదు; పురుగు బాటప్రక్కననే మొదట హెచ్చుట మీలో కొందఱు గమనించి యుందురు.

మూడవదానికే పెద్దల సహాయము కావలెను. నేను మందు మాని కందిరీగను విడిచితిని, పొరుగువాడు మందు కొట్టెను, గాలి నా తోటవైపు వీచెను; నా కందిరీగ చచ్చెను. కందిరీగకు గట్లు తెలియవు. అందుచే ఇది ఒక్క కమతమునకు సంబంధించిన పని కాదు, చెఱువుకట్టవలె ఊరి కంతటికి ఉమ్మడిపని. మందు కొట్టినవానికి చచ్చిన పురుగు ఆ సాయంకాలమే కనబడును. కందిరీగ విడిచినవాడు నెల, ఒక్కొక్కప్పుడు రెండు నెలలు ఓపిక పట్టవలెను. ఆ రెండు నెలలు అప్పున్న రైతునకు కష్టకాలము. ఊరిలో నలుగురు పెద్దలు కలిసి యొకే పట్టున నున్న తోటలవారిని ఒకమాటమీదికి తెచ్చినగాని అతడొక్కడు నిలువలేడు. ఫిల్‌మోరు రైతులకు శాలకంటె ముందు సంఘ ముండెను.

పెంచిన కందిరీగలు గాని ఇతర మిత్రకీటకములు గాని మీ చేతికి వచ్చినచో, విడుచు పద్ధతి యిది. గొట్టమును ఎండ తగిలించకుడు, మూసిన బండిలో వేడిమికి వదలకుడు, వచ్చినదినమే విడువవలెను. వేకువనో ప్రొద్దు వాలిన తరువాతనో, గాలి లేని సమయము చూచి, తోట నడుమనుండి నడచుచు, కొన్ని చెట్లకొకటి చొప్పున పురుగున్న కొమ్మను ఎన్నుకొని, గొట్టమును అడ్డముగ పట్టి మెల్లగ తట్టుడు. నేలమీద గ్రుమ్మరింపవలదు, చీమలపాలగును. గొట్టము ఖాళీ యైనట్లు కనబడినను పాఱవేయక, నోరు క్రిందికి వాల్చి, నీడపట్టు కొమ్మకు కట్టి రాత్రి అట్లే యుంచుడు. మత్తు తేఱుట ఆలస్యమైనవి కొన్ని తెల్లవాఱువఱకు లేచి పోవుచుండును.